మిలట్రీ కాదమ్మా, నేవీ

మా వైపు పల్లెల్లో తల్లిదండ్రులు పెట్టిన పేరు బడి రిజిస్టర్లోనూ, పెళ్ళి శుభలేఖలోనూ తప్ప మరెక్కడా బతికి బట్టకట్టదు. మనిషి కాస్త ఊరు దాటి వెళ్ళొచ్చాడంటే చాలు, వెళ్ళొచ్చిన చోటే పేరయి కూర్చుంటుంది. భిలాయిలో నాలుగేళ్ళు పనిచేసి వచ్చినాయన భిలాయి మామయ్య. భిలాయి ఏ దిక్కున ఉందో తెలియని ఆయన భార్య భిలాయి అత్తయ్య. వాళ్ళ గేదె తప్పిపోతే అది కూడా భిలాయి వాళ్ళ గేదే!

ఆ లెక్కన, నౌకాదళంలో పదిహేనేళ్ళు పనిచేసి వచ్చిన మా వడ్రంగి బాబాయి పేరు నేవీ బాబాయి కావాలి కదా? కాలేదు. ఊరు ఆయనకి ‘మిలట్రీ’ అని పేరు పెట్టింది. సైనికుడంటే తుపాకీ ఉండాలి, మంచుకొండలుండాలి. సినిమాల్లో అలాగే చూశారు మరి. నీళ్ళమీద సైనికుడేమిటి, పడవ సరంగైతే గాని! “మిలట్రీ కాదమ్మా, నేవీ” అని ఆయన దిద్దుతూనే ఉన్నాడు. “అదేలే మిలట్రీ” అని ఊరు అంటూనే ఉంది. చివరికి మా పిల్లల జట్టు ఒక్కటే ఆయన మాట మన్నించి నేవీ బాబాయి అని పిలిచింది. అదీ భక్తితో కాదు లెండి. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలే చెక్కపొట్టు మాకు కావాలి, జడల్లో పెట్టుకోవడానికి.

ఊరిని మాత్రం ఏమని తప్పుపడతాం? వేంసూరు ఎక్కడ, సముద్రం ఎక్కడ! ఖమ్మం జిల్లాలో సత్తుపల్లి పక్కన మా ఊరు. ఒకవైపు ఆంధ్ర సరిహద్దు, సత్తుపల్లి దాటి అశ్వారావుపేట వైపు పోతే అడవి. మాకు తెలిసిన నీళ్ళు చెరువు నీళ్ళు, వానాకాలం వాగు నీళ్ళు. మహా అయితే శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళినప్పుడు చూసే గోదావరి. ఊరి పేరు పత్రికలకెక్కిన రోజులూ లేకపోలేదు. జలగం వెంగళరావు గారు వేంసూరు నియోజకవర్గం నుంచే గెలిచి 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రోజుల్లో ఓడ మీద పంజాబీవాడో, మలయాళీయో “మీదే ఊరు?” అని అడిగితే, “మా ముఖ్యమంత్రిని గెలిపించిన ఊరు” అని ఛాతీ విరిచి చెప్పేవాణ్ణనేవాడు బాబాయి. 1978 నాటికి ఆ నియోజకవర్గం పేరూ సత్తుపల్లి అయిపోయింది. చూశారా, మా ఊళ్ళో మనుషులకే కాదు, ఊరికి కూడా పేరు నిలవదు.

ఆయన చేరడం 1962 చైనా యుద్ధం తర్వాత, సేనలోకి జనాన్ని బాగా తీసుకుంటున్న రోజుల్లో. చేతిలో ఉన్న చదువు కొద్దిపాటిది. తండ్రి దగ్గర బాడిస పట్టి నేర్చుకున్న పని మాత్రం దండిగా ఉంది. ఆ పనే ఆయన్ని ఓడ ఎక్కించింది.

పింఛను పుచ్చుకుని ఊరికొచ్చిన కొత్తలో రచ్చబండ దగ్గర మా నాన్న అడిగాడట. నేను పుట్టకముందు మాట ఇది, ఊళ్ళో చెప్పుకోగా విన్నదే.

“ఏమయ్యా, ఓడలన్నీ ఇనపవే కదా. ఇనప ఓడలో వడ్రంగికేం పని? మంచాలు చేశావా?”

“మంచాలు కాదన్నా, బిరడాలు చేశాను” అన్నాడట ఆయన. రచ్చబండంతా నవ్వింది.

ఆ బిరడాల సంగతి తర్వాత్తర్వాత మాకు కథలాగా చెప్పేవాడు. ఓడకి చిల్లు పడిందనుకోండి. నీళ్ళు లోపలికి తన్నుకొస్తుంటే ఇనప రేకు కోసి అతికించే వ్యవధి ఉండదు. అందుకని మొన తేల్చి చెక్కిన మెత్తటి చెక్క బిరడాలు, చిన్నవీ పెద్దవీ, ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతారు. చిల్లుకి సరిపోయేది తీసి సుత్తితో దిగ్గొడతారు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఉబ్బి, చిల్లుని తనే బిగించి పట్టుకుంటుంది. గోడ లాంటి రేకు నీటి బరువుకి లోపలికి వంగుతుంటే దూలాలు దన్నుపెట్టి, ఒక పక్క లావుగా ఒక పక్క పల్చగా చెక్కిన ముక్కలు సందుల్లో బిగించి ఆపుతారు. ఇంత ఇనప ఓడా ఆ పూట నిలబడేది వడ్రంగి పనిమీద. ఓడ వడ్రంగిని షిప్‌రైట్ అంటారు. ఆ పని నేర్పే నౌకాదళం వాళ్ళ బడి విశాఖపట్నంలో ఉంది, పేరు ఐ.ఎన్.ఎస్. విశ్వకర్మ. “మా కులదైవం పేరమ్మా, మామీద జాలిపడి పెట్టారు” అని నవ్వేవాడు.

అసలు చెక్కతోనే చేసిన యుద్ధనౌకలు కూడా ఉండేవని ఆయన చెబితే మా మాస్టారు కూడా నమ్మలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో అయస్కాంతపు మందుపాతరలు వేశారు. ఇనప ఓడ దగ్గరకొస్తే చాలు, తాకకుండానే పేలతాయి. వాటిని ఏరిపారేసే ఓడ కూడా ఇనపదైతే ఇంకేముంది, ఏరకముందే కైలాసం. అందుకని ఆ పనికి చెక్క ఓడలు కట్టారు. 1950ల మధ్యలో మన నౌకాదళం బ్రిటన్ నుంచి అలాంటివి కొన్ని తీసుకుంది. వాటిల్లో ఒకదాని పేరు కాకినాడ. అల్యూమినియం చట్రం మీద మేహాగనీ పలకలు పరిచి కట్టింది. ఇంకోదాని పేరు బిమ్లిపటం, అంటే మన భీమునిపట్నమే. బాబాయి కొన్నాళ్ళు కాకినాడ ఓడకి మరమ్మతులు చేశాడు. మా ఇళ్ళలో కాకినాడ పేరు చెబితే కాజా గుర్తొస్తుంది. ఆయన ఇంట్లో మాత్రం ఓడ గుర్తొచ్చేది.

ఇక యుద్ధం కథ. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి ఆయన విశాఖపట్నంలోనే ఉన్నాడు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చి విశాఖ వాకిట్లో మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన బాంబులకే మునిగిందని మనవాళ్ళంటారు. లోపలే ఏదో పేలి మునిగిందని అవతలివాళ్ళంటారు. ఆ వాదన ఇంకా తేలలేదు. అందులో ఉన్నవాళ్ళు ఒక్కరూ మిగల్లేదన్నది మాత్రం తేలిన సంగతి.

ఏటా డిసెంబరు 4న, నేవీ డే రోజున, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని పనిపాకలో కూర్చునేవాడు బాబాయి. మాకు వేరుశనగ అచ్చులు పంచేవాడు. మేం అచ్చులు నములుతూ “నువ్వెంతమందిని చంపావు బాబాయ్?” అని ఆశగా అడిగేవాళ్ళం.

“నేనా రాత్రి పడవ తెడ్లకి రంగేస్తున్నానమ్మా. పేలుడికి డబ్బా తిరగబడి రంగంతా ఒలికిపోయింది. అదే నేను చూసిన యుద్ధం” అనేవాడు. మేం ఉస్సూరుమనేవాళ్ళం. కాసేపాగి, “ఆ మునిగిన దాంట్లో కూడా ఒక వంటోడుండే ఉంటాడు గదా. రేపటికి పప్పు నానబోసే ఉంటాడు” అనేవాడు, ఎవరితోనో అన్నట్టు. అచ్చు తింటున్న నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. అయినా ఎందుకో మర్చిపోలేదు.

మాజీ సైనికుడు గనక ఏ బ్యాంకు గుమ్మంలోనో తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగం ఆయనకి దొరికేదే. అందరూ అదే సలహా చెప్పారు. ఆయన తండ్రి పాకకి కొత్త తాటాకు కప్పించి, అందులో బాడిస, ఉలి, రంపం పెట్టుకుని కూర్చున్నాడు. కాలం మాత్రం తండ్రి నాటిది కాదు. ఆ రోజుల్లో నాగళ్ళూ, కాడిమాన్లూ, బండిచక్రాలూ చేసిపెడితే పంట కళ్ళంలో మేర కొలిచి పోసేవారు. ట్రాక్టర్లొచ్చాక నాగలి ఎవరిక్కావాలి? ఇక మిగిలినవి గుమ్మాలూ, తలుపులూ, మంచాలూ, ఉయ్యాలలూ.

ఆ పాకని చూసి తీరాలి. గోడమీద ప్రతి పనిముట్టుకీ బొగ్గుతో బొమ్మ గీసి ఉండేది. ఉలి బొమ్మ మీద ఉలి, రంపం బొమ్మ మీద రంపం. సాయంత్రం ఏ బొమ్మయినా ఖాళీగా కనిపించిందంటే ఆ పనిముట్టు దొరికేదాకా అన్నం తినేవాడు కాదు. ఓడలో అలవాటట. పిన్ని మూతి విరిచేది. “ఆ గోడమీద నా బొమ్మ కూడా గీయమను. ఎప్పుడైనా నేను కనిపించకపోతే వెతుకుతాడేమో!” అని.

తలుపు చేయాలంటే ముందు నెల అడిగేవాడు. “ఇది ఏ మాసం?” అని. చెక్క చచ్చిపోయిన చెట్టుది కదా అనుకుంటాం, దానికి గాలిలో తేమ తెలుస్తూనే ఉంటుందిట. నిలువునా పెరగదు, తరగదు. అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. వైశాఖంలో బిగుతుగా కూర్చోబెట్టిన తలుపు శ్రావణంలో ఏడిపిస్తుంది. అందుకని ఎండల్లో చేస్తే ఇంత సందు, వానల్లో చేస్తే అంత సందు అని ఆయనకో లెక్క. తలుపు నడిమి పలకని గాడిలో వదులుగా నిలబెట్టేవాడే గాని బిగించేవాడు కాదు. “దాన్ని కదలనియ్యాలమ్మా. కదలనియ్యకపోతే చీలుద్ది” అనేవాడు. నీళ్ళు తాగి ఉబ్బే గుణమే ఓడలో ప్రాణం కాపాడుతుంది, ఇంట్లో తలుపుని పట్టేస్తుంది. గుణం ఒకటే, చోటు వేరు. కోడళ్ళని గురించి మాట్లాడుకునే అత్తగార్లకి ఈ మాట చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

కర్ర గురించి చెబుతూ మా అడవి తనకంటే ముందే సముద్రం చూసిందనేవాడు. అది నిజమే. గోదావరి అడవుల టేకు తెప్పలుగా కట్టి నదిలో వదిలితే కిందికి పోయి కోరంగిలో ఓడలయ్యేది. టేకులో నూనె ఉంటుంది. నీళ్ళకి తొందరగా చివకదు, చెదపురుగు జోలికి రాదు, కొట్టిన ఇనపమేకుల్ని తుప్పు పట్టించదు. బొంబాయిలో పార్శీ వాడియాల కుటుంబం టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ 1817లో నీళ్ళలో దిగింది. ఇంగ్లండులో హార్టిల్‌పూల్ రేవులో ఇప్పటికీ తేలుతూనే ఉంది. టేకంటే అంత గొప్ప కర్ర. ఆ కర్ర దగ్గరే ఆయనకీ ఊరికీ తగువు వచ్చింది.

మా నాన్న 1992లో పాత పెంకుటిల్లు పీకి డాబా మొదలుపెట్టాడు. సింహద్వారం టేకుదే ఉండాలని పట్టు. ఒక రాత్రి గడ్డిబండి వచ్చింది, గడ్డి కింద రెండు దుంగలు. డిపో ధరలో సగానికి. పొద్దున్నే బాబాయి అడుగుబద్ద పట్టుకుని వచ్చాడు. గడ్డి తప్పించి దుంగ చివర వంగి చూశాడు. రెండో వైపుకి వెళ్ళి అక్కడా చూశాడు.

“అన్నా, ముద్ర ఏదీ?”

అటవీశాఖ డిపోలో కొన్న దుంగకి చివర సుత్తితో కొట్టిన ముద్ర ఉంటుంది, వెంట పర్మిట్టు కాగితం ఉంటుంది. దీనికి రెండూ లేవు.

“ముద్రతో పనేముందయ్యా? చిత్రిక పట్టాక అన్ని కర్రలూ ఒకటే” అన్నాడు నాన్న.

“చిత్రిక పట్టేది నేనే గదన్నా. నాకు తెలుస్తది గదా.”

నాన్నకి ఒళ్ళు మండింది. “ఊరంతా వాడుతున్నారు. నువ్వొక్కడివే సత్యహరిశ్చంద్రుడివి!”

“హరిశ్చంద్రుణ్ణి గాదన్నా. ఇది రాత్రిపూట భుజాన మోసుకొచ్చింది ఎవడో కోయపిల్లాడు. గార్డులకి దొరికితే జైలుకి పోయేది వాడు. వాడి చేతికొచ్చేది నాలుగు రూకలు, బేరగాడికి నలభై. మనం తలుపేసుకుని సల్లగా పడుకుంటాం. నా చేత్తో ఆ తలుపు బిగించమనకు. వేపకర్ర తెప్పించు, నల్లమద్ది తెప్పించు, సింహాసనంలాంటి గుమ్మం చేసిపెడతా.”

వేపకర్ర సింహద్వారమా! చుట్టాలు నవ్వరూ? నాన్న వేరే వడ్రంగిని పిలిపించాడు. ఇద్దరికీ మాటల్లేవు. అయినా గృహప్రవేశానికి పిలవని లోటు ఎందుకని పిలిస్తే బాబాయి వచ్చాడు, చేతిలో వేపకర్రతో చేసిన పీట పట్టుకుని. ఆ పీట మీద కూర్చునే అమ్మ పాలు పొంగించింది.

దొంగ కర్రకి ఎండే తీరిక ఎక్కడుంటుంది? పచ్చిదాన్నే కోసి హడావిడిగా బిగించారు. మరుసటి వానాకాలానికి సింహద్వారం మెలిదిరిగి కూర్చుంది. తెల్లవారుజామున వాకిలి ఊడ్చడానికి లేచిన అమ్మా, నేనూ కలిసి తలుపుతో కుస్తీ పట్టేవాళ్ళం. ఒకనాడు మమ్మల్ని ఆ అవస్థలో చూసి బాబాయి మాట్లాడకుండా వెళ్ళి చిత్రిక తెచ్చాడు. తలుపు దింపి, గీసి, మళ్ళీ ఎక్కించాడు.

“దొంగ కర్రే కదా బాబాయ్, ఎలా ముట్టుకున్నావ్?” అన్నాను నేను. పదమూడేళ్ళ నోటికి అడ్డేముంటుంది.

“బిగుసుకున్న తలుపుకి అది దొంగదని తెలుసేంటమ్మా? ఆడోళ్ళు అవస్థ పడతన్నారు, అంతే” అన్నాడు. నాన్న ఇవ్వబోయిన కూలి మాత్రం పుచ్చుకోలేదు. నాన్న ఆ డబ్బు పట్టుకుని చాలాసేపు అరుగుమీదే నిలబడ్డాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు. నాన్న మళ్ళీ ఎప్పుడూ ముద్రలేని కర్ర ఇంటికి తేలేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ చక్కగా ఉంటుంది. నీతి కథ. కాని నేను ఆ ఇంటి వంటగదిలోకి కూడా వెళ్ళి కూర్చునేదాన్ని కనక ఆపలేను.

టేకు అడవి పక్కన కూర్చుని ముద్రలేని టేకు ముట్టనన్న వడ్రంగికి ఎన్ని పనులొస్తాయి? గుమ్మాలు పోయాయి, మంచాలు పోయాయి. ఉయ్యాలలూ, పీటలూ, బడి బల్లల మరమ్మతులూ మిగిలాయి. ఇల్లు గడిచింది పింఛనుతోనూ, పిన్ని పెంచిన రెండు గేదెలతోనూ. కొడుకు పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు పిన్ని పుస్తెలతాడు తాకట్టుకి వెళ్ళింది. పసుపుతాడు కట్టుకుని రెండేళ్ళు తిరిగింది. ఎవరైనా అడిగితే “బంగారం బరువు, మెడ నొప్పి” అనేది. కొడుకు ఒకసారి నాతోనే అన్నాడు: “నాన్న నిజాయితీ గురించి ఊళ్ళో అందరూ చెబుతారక్కా. దానికి అమ్మెంత కట్టిందో ఎవరూ లెక్క చెప్పరు.”

నేను నవలలు రాసుకునేదాన్ని. పట్టుదల ఉన్న మగవాళ్ళని కథానాయకుల్ని చేయడం మాకు చాలా తేలిక. పట్టుదల ఆయనది, మెచ్చుకోలు ఆయనది, పసుపుతాడు ఆవిడది. బాబాయిని తలుచుకుని ఏదైనా రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఆ తాడు కాగితం మీదికి వచ్చి పడేది. ఆయన తప్పు చేశాడని నేను అనను. ఆ కోయపిల్లాడి గురించి ఆలోచించిన మనిషి మా ఊళ్ళో అప్పటికి ఆయనొక్కడే. కాకపోతే ఓడకి దన్నుపెట్టిన దూలం ఎవరికీ కనిపించదని ఆయనే చెప్పేవాడు కదా, మరి తన ఇంట్లో దూలం ఆయనకి కనిపించిందా? ఇదే మాట పిన్నిని అడిగాను.

“కనిపించకేం” అంది పిన్ని బియ్యం చెరుగుతూ. “తాకట్టు విడిపించిన రోజున నా చేతికివ్వలేదు. నన్ను కూర్చోబెట్టి తనే మెళ్ళో వేశాడు. ఏమన్నా అంటాడేమో అని చూశా. ఏం అనలేదు. ముక్కు చీదుకుని పాకలోకి పోయాడు. ఆ పూటంతా చెక్క ఊరికే గీస్తూనే ఉన్నాడు. ఆ రోజు రాలిన పొట్టుతో రెండు పూటలు పొయ్యి రాజేశా.”

బాబాయి పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు మా ఊళ్ళో తలుపులు దుకాణంలో సిద్ధంగా దొరుకుతాయి, ప్లాస్టిక్‌వీ, పొట్టు అతికించి చేసినవీ. పొలాల్లో పామాయిల్ తోటలొచ్చాయి. బొమ్మలు గీసిన గోడ అలాగే ఉంది. ఉలీ, బాడిసా కొడుకు హైదరాబాదు తీసుకెళ్ళి ఫ్లాటులో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. మా ఇంటి సింహద్వారం ఇప్పటికీ ఒక్క వేలితో తీస్తే తెరుచుకుంటుంది. వచ్చిన చుట్టాలు టేకు గొప్పదనం అంటారు. అమ్మ ఏమీ అనదు, వేపపీట ముందుకి జరిపి కూర్చోమంటుంది.

పిన్నికి ఇప్పుడు కుటుంబ పింఛను వస్తుంది. బతికే ఉన్నానని ఏటా నవంబరులో బ్యాంకుకి వెళ్ళి కాగితం ఇచ్చి రావాలి. కిందటేడు నేనే తోడు వెళ్ళాను. కౌంటరు దగ్గర కొత్తగా వచ్చిన కుర్రాడు మర్యాదగా అడిగాడు: “మీ ఆయన మిలట్రీలో చేశారామ్మా?”

“మిలట్రీ కాదు బాబూ, నేవీ” అంది పిన్ని.

నేను తలతిప్పి చూశాను. ఆవిడ వేలిముద్ర వేసేందుకు కొంగుతో వేలు తుడుచుకుంటోంది.

“అక్కడేం చేసేవారు?”

“ఓడల్లో చిల్లులు పూడ్చేవాడు. ఊళ్ళో తలుపులు బిగించేవాడు” అంది. కాస్త ఆగి, “ఇల్లు నేను చూసుకునేదాన్ని” అని కూడా చేర్చింది.

కుర్రాడు నవ్వి కాగితం మీద ముద్ర కొట్టాడు. పిన్ని ఆ ముద్ర సరిగ్గా పడిందో లేదో వెలుతురులో పట్టి చూసి, మడిచి, సంచిలో పెట్టుకుంది.